చిన్నిల్లు అనకండి బాబూ

కనుమ నాడు పొద్దున్నే ముగ్గుపిండి డబ్బా, కొబ్బరి తాడు, ముప్ఫై మీటర్ల టేపు పట్టుకుని మా మెట్ట పొలంలోకి వెళ్ళాను. వాకిట్లో రథం ముగ్గు మా వదిన వేస్తోంది కాబట్టి ఆ పని నాకు తప్పింది. నేను వేసింది ఇల్లు. పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల పొడవు. ముందు గది, వెనక వంటిల్లు, దాని పక్కన బాత్రూం, ఎదర ఆరడుగుల అరుగు. కాగితం మీద ఎన్నిసార్లు గీసి చూపించినా మావాళ్ళు తలూపి ఊరుకుంటున్నారు. నేల మీద అసలు సైజులో గీస్తే అందులో నడిచి చూస్తారని నా ఆశ.

నేను విశాఖపట్నంలో ఒక బిల్డర్ ఆఫీసులో ఎస్టిమేషన్లు వేస్తాను. పదహారేళ్ళుగా ఎవరెవరి ఇళ్ళకో ఇటుకలు, సిమెంటు, ఇనుము లెక్క కట్టడమే నా ఉద్యోగం. మా ఊరు మందస దగ్గర. అటు మహేంద్రగిరి, ఇటు సముద్రం, మధ్యలో జీడి, కొబ్బరి, పనస తోటలు. తాతగారి పొలం 7 ఎకరాల 20 సెంట్లు ఇంకా పంపకం కాలేదు. వారసులు అయిదుగురు. పంచితే తలా 1 ఎకరం 44 సెంట్లు వస్తుంది. అందులోనూ పల్లం ముక్క ఒకటి, మెట్ట ముక్క ఒకటి. గట్లకీ దారికీ పోను మిగిలేదానిలో ట్రాక్టరు తిరగడానికే చోటుండదు. పంచుకోకుండా అలాగే ఉంచేసి, అందరం కలిసి సాగు చేసుకుంటూ, ఒక మూల ఎనిమిది చిన్న ఇళ్ళు కట్టుకుంటే ఎలా ఉంటుంది? అయిదుగురు వారసులు, వాళ్ళ పిల్లల్లో ముగ్గురు, మొత్తం ఎనిమిది కుటుంబాలు. రెండేళ్ళుగా ఈ ఆలోచన నా బుర్ర తొలిచేస్తోంది.

పేరు దగ్గరే మొదటి తంటా వచ్చింది. అమెరికాలో వీటిని టైనీ హౌస్ అంటారు, కొన్నిటికి చక్రాలు కూడా ఉంటాయి. తెలుగులో ఏమనాలో తోచక నేను ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "అందరం ఊళ్ళో తలా ఒక చిన్నిల్లు పెట్టుకుందాం" అని రాసేశాను. చెన్నై బావ నుంచి వరసగా నవ్వే బొమ్మలు. మా పిన్ని మాత్రం విడిగా ఫోన్ చేసి, "పెద్దవాళ్ళున్న గ్రూపులో అవేం మాటలమ్మా" అంది. నేను రాసిందేమిటో నాకు అప్పుడు వెలిగింది. ఆ రోజు నుంచి బుల్లిళ్ళు అంటున్నాం.

కనుమ నాటి సంగతికి వస్తాను. నేను ముగ్గు పోసిన చోటు తోటలో మంచి చోటు. జీడిచెట్ల మధ్య, పడమటికి కొండ కనిపించేలా. ఇంటికీ ఇంటికీ మధ్య అరవై అడుగుల ఖాళీ వదిలాను. ఎవరి ప్రైవసీ వాళ్ళది. ఇలాంటివాటి ఫొటోలు ఎక్కడ చూసినా అలాగే ఉంటాయి, చెట్ల మధ్య విడివిడిగా, ముందొక ఊయలతో.

మా మేనత్తకి డెబ్భై రెండేళ్ళు. కర్ర పట్టుకుని వచ్చి ముగ్గు గీత దగ్గర ఆగింది. "ఒలే పిల్లా, ఏటే ఇది? ఇల్లా, గొడ్లసాలా?" అంది. తలుపు కోసం నేను వదిలిన మూడడుగుల సందులోంచే లోపలికి వచ్చింది, గీత దాటి రాలేదు, అది నాకు నచ్చింది. మంచం ఎక్కడ వేస్తావు అని అడిగింది. చూపించాను. బియ్యం డ్రమ్ము? చూపించాను. పిక్కల బస్తాలు? అక్కడ ఆగిపోయాను. జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. సీజన్లో పది బస్తాలు వచ్చినా అవి ఆ గదిలో పట్టవు. వాటికి అందరికీ కలిపి ఒక కొట్టు ఉంటుంది అత్తా అన్నాను. పండక్కి నలుగురు కూతుళ్ళు, అల్లుళ్ళు వస్తే? అందరికీ కలిపి ఒక పెద్ద సావిడి ఉంటుంది అత్తా. మరి పోతే ఎక్కడ పడుకోబెడతారు అంది. ఆ మాట మామూలుగా, డ్రమ్ము ఎక్కడ అన్నంత మామూలుగా అడిగింది. నా ప్లాన్లో దానికి జాగా లేదు. సావిడికి రెండు రెక్కల తలుపు పెట్టాలని ఫోన్లో రాసుకున్నాను.

తర్వాత ఆవిడ వంటింటి మూల, అంటే గీతల మూల, కూర్చుని దూరంగా రెండో ఇంటి ముగ్గుని చూసింది. "రేత్రి పామో పుట్రో కరిసి నాను అరిత్తే, ఎవులింతారే?"

ఫోన్ ఉంటుంది కదా అన్నాను. అప్పుడు తిత్లీ రాత్రి సంగతి చెప్పింది. ఇంతకుముందు ఎప్పుడూ ఇంత వివరంగా చెప్పలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్ల వేగం. అప్పటికి మావయ్య పోయి మూడేళ్ళు, అత్త ఊళ్ళో రేకుల ఇంట్లో ఒక్కతే ఉంది. మా వైపు పాత ఊళ్ళలో ఇళ్ళు వరసగా, గోడకి గోడ ఆనించి ఉంటాయి. ముందు పొడుగ్గా ఒకటే అరుగు, లోపలికి రైలుపెట్టెలా గదులు. కరెంటు పోయింది. రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే అత్త లోపలి గదిలో మంచం కింద దూరింది. గాలి హోరులో అరుపు వినపడదు. చేతికి దొరికిన ఇత్తడి చెంబుతో పక్కింటి గోడ మీద కొట్టింది. అటునుంచి ఎవరో తిరిగి కొట్టారు. తెల్లారేదాకా అలా కొట్టుకుంటూనే ఉన్నారట. "మాటేం లేదు. నాను కొడితే ఆలు కొట్టీవోలు. ఉన్నాంలే అని." తెల్లారాక చూస్తే ఆ ఇంటి పైకప్పు కూడా సగం పోయింది.

లేచి వెళ్తూ కాలితో నా ముందు గది గీత చెరిపేసింది. కావాలనో కాదో అడగలేదు.

సాయంత్రం చిన్నాన్నని తీసుకుని ఊళ్ళో తాతగారి పాత ఇంటి స్థలానికి వెళ్ళాను. అదీ ఉమ్మడిదే, గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళకని ఉన్న స్థలంలో, 18 సెంట్లు. కప్పు తిత్లీకి కూలిపోయి, మిగతా గోడలు వానలకి కరిగిపోయి, ఇప్పుడక్కడ జిల్లేడు, తుమ్మ పెరిగాయి. ఈ రెండేళ్ళలో అది నా లెక్కలోకే రాలేదు. టేపు పట్టి చూస్తే వీధి వైపు 98 అడుగులు, లోపలికి 80. గోడ మధ్య నుంచి గోడ మధ్యకి పన్నెండు అడుగుల లెక్కన ఎనిమిది ఇళ్ళకి 96 అడుగులు, చివర గోడ మందం కలిపితే 97 లోపే. చిన్నాన్న ఆ చివర టేపు పట్టుకుని "సరిపోయిందా?" అని అరిస్తే నాకు నవ్వొచ్చింది. తాతగారు మా కోసమే కొలిచి వదిలినట్టుంది.

పొలంలో ఇళ్ళ ఆలోచన ఆ సాయంత్రంతో వదిలేశాను. ఊళ్ళో ఈ స్థలంలోనే కడితే పొలాన్ని ఇళ్ళస్థలంగా మార్చే గొడవ లేదు. కరెంటు స్తంభం గుమ్మంలోనే ఉంది. పాలవాడు వస్తాడు. ఇళ్ళ కింద, దారుల కింద, ఊయలల కింద పోవలసిన ముప్పావు ఎకరం తోటగానే మిగులుతుంది. అన్నిటికన్నా ముందు, గోడలు. విడివిడిగా కడితే ఎనిమిది ఇళ్ళకి ఇరవై అయిదు అడుగుల పొడుగు గోడలు పదహారు కావాలి. వరసగా కడితే తొమ్మిది చాలు. ఏడు గోడలు మిగిలాయి. పది అడుగుల ఎత్తు లెక్కన 1,750 చదరపు అడుగుల గోడ. పదహారేళ్ళ సర్వీసులో ఇంత సులువుగా ఇంత ఆదా ఏ ప్రాజెక్టులోనూ చూపించలేదు, చూపించి ఉంటే ప్రమోషన్ వచ్చేది.

గోడలు ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టిద్దామని ఉంది. కేరళలో లారీ బేకర్ ఎన్నో ఇళ్ళు ఇలాగే కట్టాడు. ఇటుకని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి పేరుస్తారు, మధ్యలో బోలు మిగులుతుంది. ఇటుకలు దాదాపు పావు వంతు తగ్గుతాయి, ఆ బోలు గాలి వేడిని లోపలికి రానివ్వదు. మా ఊరి మేస్త్రికి బొమ్మ చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. "బోలు గోడైతే తేళ్ళు కాపురం పెడతాయమ్మా" అన్నాడు. బోలు బయటికి తెరుచుకోదని ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి ఒక మూరెడు గోడ నమూనాగా కట్టించాను. అది ఇప్పటికీ చిన్నాన్న పెరట్లో ఉంది, దాని మీద పిడకలు ఆరబెడుతున్నారు.

కప్పు విషయంలో నాకు బాగా టెన్షన్. మా నాయనమ్మ పుట్టింటివాళ్ళది చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, పైన శంకులా తాటాకు కప్పు, చూరు నేలకి అందేంత కిందికి. గాలి దాన్ని పట్టుకోలేక చుట్టూ జారిపోతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు అంతకాలం నిలిచాయంటే ఊరికే కాదు. అలా కడదామా అని మనసులో ఉంది గానీ, తాటాకు మూడు నాలుగేళ్ళకోసారి మార్చాలి, కప్పు నేసే మనుషులు ఊళ్ళో ఇద్దరే మిగిలారు, ఇద్దరూ అత్త వయసువాళ్ళే. పెంకు గాలికి లేస్తుంది. రేకు మాట ఎత్తితే అత్త కర్ర ఎత్తుతుంది. అందుకని ఫిల్లర్ స్లాబు. శ్లాబు కింది సగంలో కాంక్రీటుకి పెద్దగా పని ఉండదు కాబట్టి అక్కడ పాత మంగుళూరు పెంకులు పేర్చి పోస్తారు. కాంక్రీటు తగ్గుతుంది, కింద కాస్త చల్లగానూ ఉంటుంది. తలుపుల పైన ఇల్లంతా తిరిగేలా ఒక కాంక్రీటు పట్టీ మాత్రం తప్పదు, అక్కడ పొదుపు చెయ్యను.

శ్లాబు కావడం వల్ల ఇంకో లాభం, వాననీళ్ళు. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మా పెదనాన్న ఉద్దానం కిడ్నీ జబ్బుతోనే పోయాడు. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవాడు, తిరిగొచ్చిన రోజు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మా మండలాల్లో ఇన్ని ఇళ్ళలో ఈ జబ్బు ఎందుకుందో ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని తేలలేదు. తేలేదాకా మావాళ్ళకి నేల నీళ్ళంటే అనుమానమే. ఇప్పుడు హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో వంశధార నీళ్ళు వస్తున్నాయి, మంచిదే. కానీ తుఫాను వచ్చి కరెంటు పోతే ఏ కుళాయి అయినా కుళాయే.

లెక్క ఇదీ. ఒక్కో ఇంటి కప్పు 300 చదరపు అడుగులు, అంటే 28 చదరపు మీటర్లు. మా వైపు ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన. గుణిస్తే 30 వేల లీటర్లు పైచిలుకు, మొదటి జల్లు వదిలెయ్యడం, కారిపోవడం కింద అయిదో వంతు తీసేస్తే 24 వేలు. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకి రోజుకి 25 లీటర్లు. డిసెంబరు నుంచి మే దాకా వాన ఆధారపడలేని ఆరు నెలలకి 4,550 లీటర్లు. ఇంటికి 5,000 లీటర్ల తొట్టె ఒకటి ఉంటే ఎండాకాలం గట్టెక్కుతుంది. ఈ లెక్క గ్రూపులో పెట్టిన రోజు మాత్రం నవ్వే బొమ్మలు రాలేదు. పెద్దమ్మ ఒక దండం బొమ్మ పెట్టింది.

మరుగుదొడ్లకి జంట గుంతలు. ఒకటి నిండాక రెండోదానికి మార్చి, మొదటిదాన్ని రెండేళ్ళు కదపకుండా ఉంచితే ఎరువు అవుతుంది. మాది ఇసుక కలిసిన నేల, నీళ్ళు గబగబా దిగిపోతాయి, అందుకే బావికి ఎంత దూరమైతే అంత మంచిది. పాత బావి పెరట్లో ఈశాన్య మూల ఉంది, గుంతలు వాయవ్యానికి తోసేశాను. వాస్తు ప్రకారమూ అదే సరైన మూలట. బావ మొదటిసారి నా ప్లాను మెచ్చుకున్నాడు. ఆ ఎరువు పొలానికి వేద్దామన్నప్పుడు మాత్రం గది నిశ్శబ్దమైపోయింది. కొబ్బరిచెట్ల పాదులకే, కూరగాయలకి కాదు అని ఒప్పందం.

సోలార్ గురించి అందరూ తెగ మాట్లాడతారు గానీ, అది ఈ మొత్తంలో సులువైన పని. కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్లు వస్తాయి, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక చిన్న ఫ్రిజ్ ఉన్న ఇంటికి అది చాలు. డబ్బులు కట్టి పెట్టించుకోవడమే.

కష్టమంతా పొలం దగ్గర.

పల్లం 2 ఎకరాల 40 సెంట్లు, చెరువు నిండితే ఒక్క పంట. శ్రీకాకుళం సన్నాలు వేస్తున్నాం, రాగోలు పరిశోధనా కేంద్రం వాళ్ళ రకం. పోయినేడు ఎకరానికి 22 బస్తాలు వచ్చాయి. మొత్తం 53 బస్తాలు, 75 కిలోల లెక్కన దాదాపు నాలుగు టన్నుల ధాన్యం, ఆడిస్తే 2,600 కిలోల బియ్యం. ఎనిమిది ఇళ్ళలో ఇరవై ఆరుగురం. మనిషికి ఏడాదికి వంద కిలోలు. అంటే తిండికి సరిగ్గా సరి, అమ్మడానికి గింజ మిగలదు, తుఫాను వచ్చిన ఏడు తిండికీ లేదు. మిగతాది తోట. తిత్లీకి 140 కొబ్బరిచెట్లలో నిలిచినవి 23. మర్నాడు చిన్నాన్న పడిపోయిన చెట్లు లెక్కపెట్టడానికి వెళ్ళి, నలభై దాకా లెక్కపెట్టి వచ్చేశాడు. 2019లో పాతికడుగుల ఎడంతో మళ్ళీ వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెల వేస్తున్నాయి. వాటి మధ్యలో కంద, పసుపు, అనాస. చిన్నాన్న ప్రకృతి వ్యవసాయంలో దిగి, వానలకి ముందే నవధాన్యాలు చల్లడం, అత్త ఆవు పేడతో, మూత్రంతో, బెల్లం, శనగపిండి వేసి రెండు వందల లీటర్ల డ్రమ్ములో జీవామృతం కలపడం చేస్తున్నాడు. రోజూ కర్రతో తిప్పాలి. ఆ తిప్పేది ఎవరు?

ఎనిమిది కుటుంబాల్లో ఊళ్ళో ఉండేవి మూడు. మిగిలినవాళ్ళం విశాఖ, హైదరాబాద్, చెన్నై, ఒక తమ్ముడు ఓడ మీద. నేను నా అలవాటు ప్రకారం ఒక పట్టిక తయారుచేశాను. ఇంటికి ఏడాదికి 24 పని రోజులు. రాలేకపోతే ఆ రోజుల కూలి కట్టాలి. చాలా న్యాయంగా ఉందనుకున్నాను. మందస కోవా పెట్టి మరీ చూపించాను. చిన్నాన్న కోవా తిన్నాడు, పట్టిక మడిచి నాకే ఇచ్చేశాడు. "ఊడ్పుల నాడు ఒక రోజూ, కంచె కట్టిన నాడు ఒక రోజూ ఒకటేనా? నువ్వు డబ్బు పంపుతావు సరే, ఊడ్పుల నాడు ఆ డబ్బుకి మనిషెక్కడ దొరుకుతాడు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. తన మాట ఏమిటంటే, కల్లంలో ఎవరు నిలబడితే గింజ వాళ్ళది, రానివాళ్ళకి పండక్కి ఒక బస్తా. అలాగైతే పట్నంలో ఉన్నవాళ్ళు ఇల్లు కట్టడానికి డబ్బెందుకు పెడతారు అని బావ. ఇద్దరిదీ నిజమే. ప్రస్తుతానికి ధాన్యం చిన్నాన్న పద్ధతిలో, తోట ఆదాయం వాటాల ప్రకారం అని అనుకున్నాం. ఒక్క ఏడాదికే. ఎవరూ సంతోషంగా లేరు కాబట్టి బహుశా సరిగ్గానే ఉండి ఉంటుంది.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘం పెడదామంటే వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది కావాలి, మేం ఎనిమిదిమందిమి. బయటివాళ్ళని ఇద్దరిని చేర్చుకోవాలా అని చర్చ నడుస్తోంది. మధ్యలో బావ స్నేహితుడొకడు సీతంపేట కొండల వైపు ఎకరాలకి ఎకరాలు చవగ్గా ఇప్పిస్తానన్నాడు. అది ఏజెన్సీ. 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు, ఏ కాగితం రాయించుకున్నా చెల్లదు. అది గిరిజనుల భూమి, మనం వెళ్ళి పర్యావరణం పేరు చెప్పి అక్కడ ఇళ్ళు కట్టుకోవడమేంటి అని నేను కాస్త గట్టిగానే అన్నాను. బావ వారం రోజులు గ్రూపులో మాట్లాడలేదు.

పోయిన నెల ఇళ్ళు ఎవరికేది అని చీట్లు వేద్దామని కూర్చున్నాం. ముందు అందరూ చివరి రెండు ఇళ్ళకే ఎగబడ్డారు. తూర్పున సందు, పడమట రామమందిరం ఖాళీ స్థలం, ఆ రెండిళ్ళకే పక్క కిటికీలు వస్తాయి. మధ్య ఇళ్ళకి వెలుతురు ముందు నుంచి, వెనక నుంచి మాత్రమే. అత్త చీటీ తియ్యనంది. నాలుగోదో అయిదోదో తనకి ఇచ్చెయ్యమంది, మధ్యది. అటూ ఇటూ గోడ కొట్టుకోవచ్చని. ఆవిడ ఆ మాట అన్నాక తూర్పు చివరి ఇల్లు అడిగినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. మాకు గాలి వచ్చేది అటునుంచే.

చివరికి అది నాకు వచ్చింది. పక్క కిటికీ ఉంచుతున్నాను, మూడడుగులకి మూడడుగులు, బయట నుంచి మందపాటి చెక్క తలుపు, అడ్డగడియలు రెండు. ఎస్టిమేషన్లో 6,500 అదనం.